పసుపు కింది నంబరు

పోపులో ఆవాలకంటే ముందు పసుపు పడి, నూనె కాగడం ఎక్కువై, అది నల్లగా మాడితే వచ్చే వాసన ఒకటుంది. మా ఇంట్లో ఎవరి చేతిలోనైనా అలా మాడితే గబగబా కిటికీలు తెరుస్తారు, కూరంతా చేదైపోయిందని నెత్తి కొట్టుకుంటారు, మూకుడు తీసుకుపోయి తొట్టిలో పడేస్తారు. నేను మాత్రం ఆ పొగలోనే నిలబడి ఇంకో గుక్క పీలుస్తాను. నాకది వంటింటి వాసన కాదు, మా కారు వాసన. శుక్రవారం శుక్రవారం మా అమ్మ ఇంజిన్ మీద పూసిన పసుపు ఎండి, పెచ్చుకట్టి, కారు కొండగట్టు ఎక్కేసరికి బానెట్ కింద మాడి, ముందు సీట్లో మా నాయన పక్కన ఇరుక్కుని కూర్చున్న నా ముక్కుకు తగిలే వాసన.

పోయిన నెల కర్నూలులో పాత కార్ల ప్రదర్శన పెడితే మా మనవడు నన్ను తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. "ఎనభై ఏండ్లొచ్చె, ఇంగా ఆ కోపమేందవ్వా, బీపీ పెరుగుతాది" అంటాడు వాడు. పెరగనీ! అక్కడ తళతళలాడుతూ నిలబడిన నల్ల కారు మా కారు. దాని ఇంజిన్ మీద ఎవరో చేసిన పని చూసి కూడా కోపం రాకపోతే నేను మా అమ్మ కడుపున పుట్టినదాన్నే కాదు. ఆ పని ఎంత అన్యాయమో తెలియాలంటే ముందు ఆ కారు సంగతి, మా జేజినాయన సంగతి చెప్పాలి.

మాది కోడుమూరుకు పక్క పల్లె. మా నాయనకు నాయన, అంటే జేజినాయన, యుద్ధానికి ముందు బళ్లారిలో ఆ అమెరికా కారును కొన్నాడు. జొన్నచేను నమ్ముకుంటే వాన కోసం ఆకాశం కేసి చూస్తూ కూర్చోవాలి, కారైతే చెప్పినట్టు వింటుందని ఆయన వాదం. దాన్ని మా నాయన నడిపేవాడు. పొద్దున జనాన్ని ఎక్కించుకుని కర్నూలుకు, సందకాడ మళ్ళీ ఊరికి. కోర్టు వాయిదాలకు పోయేవాళ్లు, ఆసుపత్రికి పోయే బాలింతలు, కొత్త పెళ్లికూతుళ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు, పచ్చి చెనిక్కాయల మూటలు, అందరూ అందులోనే. ముగ్గురు కూర్చునే సీట్లో ఎందరు కూర్చునేవారో దేవుడికి తెలియాలి. మిగిలినవాళ్లు ఫుట్‌బోర్డు మీద నిలబడి, తలుపు పట్టుకుని, తువ్వాళ్లు గాలికి ఎగరేసుకుంటూ వచ్చేవారు. వానాకాలంలో తడిసిన నల్లరేగడి చక్రాలకు ముద్దలు ముద్దలుగా పట్టుకునేది. ఎండాకాలంలో హంద్రీ ఏట్లో నీళ్లుండవు కదా, ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో నీళ్లు తోడి, గుడ్డలో వడగట్టి కారు నోట్లో పోసేవాళ్లు. ముందు బంపరుకు మా ఊరి కమ్మరి కొట్టి బిగించిన ఇనుప కడియం ఒకటుండేది, దానికి గోతంగుడ్డ నీళ్ల సంచి వేలాడేది. ఆ సంచిలో నీళ్లు ఎంత చల్లగా ఉండేవో, ఈ ఫ్రిజ్జు నీళ్లు తాగే పిల్లలకు చెప్పినా అర్థం కాదు. సెలవుల్లో నాయన నన్ను కర్నూలుకు తీసుకుపోయి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించేవాడు. బజ్జీ కారానికి కళ్ళల్లో నీళ్లొస్తే ఆ సంచికే నోరు పెట్టేదాన్ని.

జేజినాయనకు ఒక విద్య ఉండేది. కారు అమ్మినవాడు బళ్లారిలో ఎప్పుడో నేర్పించాడట. ఇనుము కరిగించి ఇంజిన్ దిమ్మెను పోత పోసేటప్పుడే, దాని పక్కన ఆ రోజు తారీఖు ఉబ్బెత్తు అక్షరాలతో వచ్చేట్టు అచ్చులో పెడతారు. ముందు ఒక ఇంగ్లీషు అక్షరం, అది నెల: ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా ఎల్ వరకు. తరువాతి అంకె తారీఖు. చివర ఒంటి అంకె సంవత్సరం. ఇది కాక, దిమ్మె చల్లారి నునుపు పట్టాక ఇంకో చోట చదునైన జాగా చూసి సుత్తితో ఇంజిన్ నంబరు గుద్దుతారు. "గుద్దిన నంబరు ఎవడైనా గుద్దొచ్చు. పోతలో వచ్చిన తారీఖు ఇనుంతో పాటు పుడతాది, అది అబద్దం చెప్పదు" అనేవాడు జేజినాయన. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, గుడారాల్లో ఆఫీసులు పెట్టి, ఎక్కడెక్కడి పెద్దమనుషులో కార్లలో దిగుతుంటే, ఆయన చంకలో గొడుగు పెట్టుకుని ఒక్కో కారు దగ్గరికి పోయి, "ఏమప్పా, బానెట్టు ఎత్తు, నీ బండి పుట్టిన దినం చెప్తా" అని డ్రైవర్లను నిలదీసేవాడు. చూపు ఆనేది కాదు. చూపుడువేలు కిరసనాయిలులో ముంచి, మురికి తుడిచి, వేలితోనే తడిమి చదివేవాడు. చదివి పుట్టినరోజు చెప్పగానే డ్రైవర్లు నోరు తెరిచేవాళ్లు. ఆ పొద్దు రాత్రి భోజనంలో ఆయనకు ఒక సంగటి ముద్ద ఎక్కువ పట్టేది.

మాకదే ఆట అయింది. అరుగు మీది బేతంచెర్ల బండల మీద బొగ్గుతో ఎవరి పుట్టినరోజు వాళ్లు ఇంజిన్ భాషలో రాసుకునేవాళ్లం. నేను జూన్‌లో పుట్టాను కాబట్టి నాది ఎఫ్. తమాషా ఏమిటంటే, బడిలో చేర్చేటప్పుడు పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ అయ్యవారు జూలై ఒకటి అని రాసిపడేసేవాడు. అందుచేత మా బడిలో సగం మంది జి ఒకటే! మేమంతా ఒకే ఫ్యాక్టరీలో ఒకే పూట పోత పోసిన సరుకన్నమాట. జేజినాయన అది విని పడీపడీ నవ్వేవాడు. అప్పుడు ఆయనంటే నాకు ఎంత ఇష్టమో! ఆ ఇష్టం కూడా లేకపోయి ఉంటే ఇప్పుడింత మంట ఉండేది కాదేమో.

ఒక ఎండాకాలం, చెలమలో కూడా నీళ్లు ఊరని ఎండ. నాయన ఎంత చెప్పినా వినకుండా, "ఈ గట్టు ఎక్కితే ఊరే కదరా, పోనీ" అని జేజినాయన తొందరపెట్టాడు. గట్టు సగంలో ఇంజిన్ లోపల పెద్ద చప్పుడైంది, దిమ్మె పక్క పగిలి, నూనె రోడ్డంతా పారింది. పాత ఇంజిన్ కథ అక్కడితో సరి. దాన్ని కమ్మరి కొలిమికి అమ్మేశారు. కారు పశువుల కొట్టంలో పడింది, కోళ్లు ముందు సీట్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

అప్పుడు ఆదుకున్నది ఎవరనుకున్నారు? మా అమ్మ పుట్టిల్లు. అమ్మది కడప. ఆమె అన్న, మా ఓబులేసు మామ, అక్కడ బాడుగ కార్లు తిప్పేవాడు. ఆయన కారొకటి వాగులో బోల్తాపడి ఒళ్లంతా నుజ్జయింది కానీ ఇంజిన్‌కు దెబ్బ తగల్లేదు. "నలభై ఎనిమిది మోడలు ఇంజిన్ బావా, మీ కారుకు సరిగ్గా కూర్చుంటాది, ఎత్తుకోపోండి" అని మా నాయనకు కబురు చేసి, బండల లోడు దింపి ఉత్తగా తిరిగివచ్చే లారీలో పెట్టించి పంపాడు. ఆ ఇంజిన్ మా వాకిట్లో దిగిన రోజు అమ్మ ముఖం చూడాలి! పుట్టింటి నుంచి సారె వచ్చినట్టు ఎదురుపోయి, హారతిచ్చి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది. ఎక్కడ పెట్టింది? గరుకు ఇనుము మీద బొట్టు నిలవదు కదా. దిమ్మె పక్కన అరచేతిలో సగమంత నున్నటి చదును కనబడితే, బొట్టు కోసమే వదిలిన జాగా అనుకుని అక్కడ పెట్టింది. అది నంబరు గుద్దే జాగా అని ఆమెకేం తెలుసు? చూస్తున్న మగవాళ్లకూ ఆ ధ్యాస లేదు.

ఇంజిన్ బిగించిన రెండో రోజు జేజినాయన తన వేలు కిరసనాయిలులో ముంచాడు. పోత అక్షరాలు తడిమాడు. సి, ముప్పై ఒకటి, ఎనిమిది. మార్చి ముప్పై ఒకటి, సరే. ఎనిమిది అంటే ముప్పై ఎనిమిదా, నలభై ఎనిమిదా? ఒంటి అంకె కదా, రెండూ కావచ్చు. మామ నలభై ఎనిమిది అన్నాడు, నాయన అదే చెప్పాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన మా జేజినాయన ఎందుకవుతాడు! ఆయన దగ్గర పాత పంచాంగాలన్నీ ట్రంకుపెట్టెలో ఉండేవి. ఏ వస్తువుకైనా పుట్టిన గడియ ఉంటుంది, గడియను బట్టి గుణం ఉంటుందని ఆయన నమ్మకం. ఎద్దుకు చూసేవాడు, నీళ్లు తోడే కపిలకు చూసేవాడు, ఇంజిన్‌కు ఎందుకు చూడడు? ముందు చేతికి తగిలింది ముప్పై ఎనిమిది నాటి పంచాంగం. తీసి చూస్తే, ఆ తారీఖున ఫాల్గుణ అమావాస్య. ఉగాదికి ముందు రోజు, ఈశ్వర నామ సంవత్సరం ఊపిరి వదిలే పూట. ఆయన కళ్లద్దాలు తీసేశాడు. రెండో పంచాంగం తెరవనే లేదు.

"కారు కంటే ముసిల్ది ఈ ఇంజిను! అమాస పూట పుట్టిన దరిద్రాన్ని నలభై ఎనిమిదని చెప్పి మనకు అంటగట్టినాడు" అన్నాడు వసారాలో నిలబడి, ఊరంతా వినేట్టు. పురోహితుడు స్వామి మెల్లగా, "అమెరికాలో పగలైతే మనకు రాత్రి కదా, తిథి మారింటాదేమో" అని గొణిగితే, "ఇనుంకు అమెరికా ఏంది, ఇండియా ఏంది? చంద్రుడు ఇద్దరికీ ఒకడే" అని నోరు మూయించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సరే, అంత చెడ్డ ఇంజినైతే దించి పారేయవచ్చు కదా? దించలేదు! దాని మీద వచ్చే బాడుగ కావాలి, కర్నూలు ప్రయాణాలు కావాలి, గట్లెక్కే బలం కావాలి. తిట్టడానికి మాత్రం అమావాస్య కావాలి. టైరు పంక్చరైతే అమావాస్య ఇంజిన్. బర్రె ఈనలేకపోతే అమావాస్య ఇంజిన్. వాన రాకపోతే, మా చిన్న తమ్ముడికి గవదబిళ్లలు లేస్తే, ఆఖరికి మజ్జిగ పులిస్తే కూడా, "పుట్టింటోళ్లు పంపిన భాగ్యం" అని అమ్మను చూసి అనేవాడు. దోషం పోవడానికి శుక్రవారం శుక్రవారం ఇంజిన్‌కు పసుపు పూసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించాలని నియమం పెట్టి, అది అమ్మ నెత్తినే వేశాడు. ఆమె అన్నను దొంగను చేసి, ఆ దొంగతనానికి పరిహారం ఆమెతోనే చేయించడం! ఇంక కడప మాట ఎత్తకూడదన్నాడు. అమ్మ కడపకు పోకూడదు, కడప నుంచి ఎవరూ రాకూడదు. అప్పటికింకా మా అవ్వ, అమ్మ తల్లి, బతికే ఉంది.

పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ, దాని మీద నూనె జిడ్డు, దుమ్ము. ఆ చదును జాగా మీద ముద్ద అంగుళం మందం పేరుకుంది. నాయన ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఆయన మంచివాడే. మంచివాళ్ల మౌనం వల్ల జరిగినంత చెడ్డ మా ఇంట్లో ఇంకెవరి వల్లా జరగలేదు.

మరుసటి ఎండాకాలం ఓబులేసు మామ తనే వచ్చాడు. పెన్న ఇసుకలో పండిన కర్బూజాలు గంప నిండా తెచ్చాడు. బస్సు దిగి, పల్లె దాకా నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాడు. ఆ పండ్ల వాసన ఆయనకంటే ముందు వాకిట్లోకి వచ్చింది. మా సీమలో పగవాడు గడపకు వచ్చినా ముందు చెంబుతో నీళ్లిస్తారు, తరువాతే తిట్టేది ఉంటే తిడతారు. అమ్మ అప్పటికే చెంబు నింపుకుని తలుపు దాకా వచ్చింది. అరుగు మీద కూర్చున్న జేజినాయన తల తిప్పి ఆమెను చూశాడు.

"నీళ్లు లోపల పెట్టు" అన్నాడు. తరువాత మామ వైపు తిరిగి, "యా మొగం పెట్టుకోనొచ్చినావప్పా? ముసిలి ఇంజిన్‌కు వయసు తగ్గించి పంపి, ఇప్పుడు కర్బూజాలు తెస్తివా?" అన్నాడు.

మామ గంప దించి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, వాకిట్లో బానెట్ ఎత్తి ఉన్న కారు కేసి చూశాడు. "అబద్దం చెప్పేదానికి నాకేం కర్మ పెద్దాయనా? పక్కన సదునుగా ఉండే తావున నంబరు గుద్దింటారు. ఆ పసుపు గీకి చూడండి, మీకే తెలుస్తాది."

"వింటిరా అందరూ? పసుపూ కుంకమా గీకాలంట! ముత్తైదువ తిరిగే ఇంట్లో అనే మాటేనా ఇది? నీ చెల్లెలి బొట్టు కూడా గుర్తు లేకపాయెనా నీకు?"

చెల్లెలి పసుపుకుంకుమల మీదికి తీసుకుపోతే ఏ అన్న జవాబు చెప్పగలడు? నిజం ఆ ముద్ద కింద ఉంది, ముద్దను ముట్టుకుంటే అశుభం! మామ తలుపు వైపు ఒకసారి చూశాడు. అమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, చెంబు ఒరిగి నీళ్లు ఆమె పాదాల మీద ఒలుకుతున్నాయి. నాయన స్తంభం దగ్గర నిలబడి కారు టైరును చూస్తున్నాడు. మామ నా తల నిమిరి, "బాగా సదువుకో పాపా" అని, చెప్పులు తొడుక్కుని, వచ్చిన దావనే ఎండలో వెళ్లిపోయాడు. ఆ గంప అరుగు మీదే ఉండిపోయింది. తినడానికి ఎవరికీ గుండె చాలలేదు. పండ్లు మురిగి, ఈగలు ముసిరి, చివరకు బర్రెకు వేశారు. అమ్మ తన బతుకులో మళ్ళీ కర్బూజా నోట పెట్టలేదు.

ఆ వానాకాలం మా అవ్వకు జబ్బు చేసిందని కబురు వచ్చింది. జేజినాయన కదలనివ్వలేదు. చనిపోయిందన్నాక పంపాడు. చావుకు పంపడం కూడా ఆయన పెద్దమనసే అని ఊళ్ళో చెప్పుకున్నారు. నేను ఆడపిల్లను కాబట్టి, చిన్నదాన్ని కాబట్టి, ఊరుకున్నాను. ఊరుకున్నానే గాని మర్చిపోలేదు.

ఇంజిన్ మాత్రం, పాపం, ఏ పాపమూ ఎరగనట్టు పరుగెత్తింది. కాలం గడిచి పొగ ఎక్కువైతే పిస్టన్ రింగులు మార్చాల్సి వచ్చింది. నాయన కర్నూలులో సామాన్ల అంగడికి పోయి ముప్పై ఎనిమిది మోడలుకు రింగులు కావాలని అడిగాడు. అంగడి శెట్టి మర్యాద తెలిసినవాడు కాదు. "నోటిమాటకు సామాను తెప్పించి, సరిపోలేదని వాపసు తెస్తే నేనేం చేసుకోవాల? గుద్దిన నంబరు రాసుకోని రాపో" అని కసిరి పంపాడు. నాయన ఇంటికి వచ్చి, చేతులు కట్టుకుని ఆ పసుపు ముద్ద ముందు నిలబడ్డాడు. గీకాలంటే భయం, గీకకపోతే రింగులు లేవు. జేజినాయన పత్తికొండకు ఎద్దులు చూడడానికి పోయి ఉన్నాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో కిరసనాయిలు బుడ్డి, ఇంకో చేతిలో టెంకాయ పీచు. "వద్దు, నాయన వస్తే..." అన్నాడు మా నాయన. అమ్మ ఆయన వైపు చూడలేదు. బానెట్ ఎత్తి, కొంగు బిగించి, రుద్దడం మొదలుపెట్టింది. "అమ్మా, బొట్టు గీకితే ఏమన్నా అయితాదేమో" అన్నాను. ఎన్నాళ్ల తరువాతో ఆమె ముఖంలో నవ్వు చూశాను. "ఇంజిన్‌కు మొగుడు యాడుండాడే, పోతాడని భయపడేదానికి?" అంది. పచ్చటి పెచ్చులు ఊడి పడుతుంటే, ఆ కమురు పసుపు వాసన కొట్టమంతా కమ్మింది. అడుగున నల్లగా, సన్నగా, వరసగా అక్షరాలూ అంకెలూ బయటపడ్డాయి. అమ్మ కడపలో ఇంగ్లీషు అక్షరాల వరకు చదువుకున్నది; ఆమె చదివింది, నేను బేతంచెర్ల బండ మీద బొగ్గుతో రాశాను.

మరునాడు శెట్టి ఆ నంబరు ముందున్న అక్షరాలు చూసి, "ముప్పై ఎనిమిదని ఎవడు చెప్పినాడప్పా నీకు? ఈ అక్షరాలు యుద్ధం అయినాక వచ్చినవి. నలభై ఎనిమిదిది ఇది" అన్నాడట. నాయన ఆ మాట మోసుకుని వచ్చి, రాత్రి భోజనాల దగ్గర, తలెత్తకుండా, జేజినాయనకు చెప్పాడు.

ఇప్పుడు ఏమంటాడు? తప్పయిందంటాడా? తల దించుకుంటాడా? ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచిపోయి, ట్రంకుపెట్టెలోంచి నలభై ఎనిమిది నాటి పంచాంగం తీయించి, దీపం దగ్గర పెట్టించుకుని చూసి, తొడ చరిచాడు. "సర్వజిత్తు నామ సంవచ్చరం! పేరే సర్వజిత్తు! నేను అనుకుంటానే ఉండా, ఈ ఇంజిను శానా గట్టిదని!" అన్నాడు. అనుకుంటానే ఉన్నాడట! వింటున్నారా? మామ పేరు లేదు, అవ్వ పేరు లేదు, మురిగిన కర్బూజాలు లేవు. ఇంజిన్‌కు జాతకం మారింది, అంతే.

సంగటి వడ్డిస్తున్న అమ్మ ఆగింది. "మామా" అంది, మామగారిని మా వైపు కోడళ్లు అలాగే పిలుస్తారు, "మాయన్నకు కబురు పంపండి. ఆ పొద్దు తాగకుండ పోయిన నీళ్లు వచ్చి తాగిపొమ్మని."

"కారుకు దోసం పాయె కదమ్మా, ఇంగ ఆ పాత పురాణమెందుకు? సంగటి ఎయ్."

అమ్మ గరిటె కింద పెట్టింది. "అందరికీ చేతులుండాయి. ఎత్తుకోని తినండి" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఒక కోడలు ఆ మాట అంటే ఇల్లు కూలినట్టే. తెల్లవారి ఆమె నన్ను చంకన పెట్టుకున్నంత పని చేసి, ఆడవాళ్లు ఎప్పుడూ కూర్చోని ముందు సీట్లో పోయి కూర్చుంది. నాయనతో "కడపకు పోనీ" అంది. నాయన ఒకసారి అరుగు వైపు చూశాడు, ఒకసారి ఆమెను చూశాడు. తరువాత నీళ్ల సంచి నింపి, కడియానికి తగిలించి, బండి తీశాడు. బతుకు మొత్తంలో ఆయన చేసిన ఒకే ఒక్క మగతనపు పని అది.

మామ మమ్మల్ని చూసి ఏడ్చాడు, నీళ్లిచ్చాడు, కోడిని కోయించాడు. కానీ మా ఇంటికి మాత్రం చచ్చేదాకా రాలేదు. "నీ మీద కోపం కాదు తల్లీ. ఆ గడప తలుసుకుంటే నా నాలిక పిడసకట్టుకపోతాది" అన్నాడు అమ్మతో. అమ్మ ఇంటికి తిరిగి వచ్చాక ఆ నంబరు మీద మళ్ళీ పసుపు పడనివ్వలేదు. ఆయుధ పూజ నాడు బొట్టు వేరే చోట పెట్టేది. వారానికోసారి కిరసనాయిలు గుడ్డతో ఆ చదును తుడిచి, బానెట్ ఎత్తిన ప్రతివాడికీ కనబడేట్టు ఉంచేది. తన అన్న అబద్ధమాడలేదని ఆమె ఎవరితోనూ నోటితో చెప్పలేదు. ఆ జాగా తుడుస్తూ ఉండేది, అంతే. జేజినాయన పోయాక కారు అమ్మేశారు. తీసుకుపోయే రోజు కూడా ఆమె పోయి ఒకసారి తుడిచి వచ్చింది.

ఇప్పుడు ప్రదర్శన సంగతికి వస్తాను. కారును గుర్తుపట్టింది బంపరు మీది కడియం చూసి. మా కమ్మరి దెబ్బలు దాని మీద ఇంకా ఉన్నాయి. పక్కన బల్ల మీద "అసలు ఇంజిన్, అసలు నంబరు" అని రాసిన బోర్డు, దాని మీద బహుమతి రిబ్బను. యజమాని కుర్రవాడు, మర్యాదస్తుడే, బానెట్ ఎత్తి గర్వంగా చూపించాడు. ఆ చదును జాగా అద్దంలా మెరుస్తోంది. మా అమ్మ తుడిచిన నంబరు లేదు. దాన్ని అరగదీసి, కారుతో పాటు మొదట వచ్చిన ఇంజిన్ నంబరును, ఎప్పుడో కొలిమిలో కరిగిపోయిన ఆ పగిలిన దిమ్మె నంబరును, కాగితాల్లో చూసి కొత్తగా గుద్దించారు. కారు నంబరూ ఇంజిన్ నంబరూ కలవకపోతే పోటీలో విలువ ఉండదట. ఎంత సులువు! కడప నుంచి వచ్చినదాని పుట్టింటి పేరు చెరిపేసి, ఈ ఇంట్లోనే పుట్టినట్టు రాసుకోవడం. మా ఇళ్లల్లో కోడళ్లకు చేసిందే ఇనుముకు కూడా చేశారు.

"ఎవరినడిగి గీకినావప్పా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. నేను వంగి, వెనక పక్కకు చెయ్యి పోనిచ్చి, కొత్త రంగు కింద వేలితో తడిమాను. జేజినాయన నేర్పిన చోటే ఉంది. సి, ముప్పై ఒకటి, ఎనిమిది. దాన్ని గీకడం వాళ్లకు తోచలేదు. "ఇది కడప ఇంజిన్. మా ఓబులేసు మామ ఇచ్చింది. ఆ బోర్డు మీద అది రాయి" అన్నాను.

"అట్లా రాస్తే ప్రైజు వెనక్కి తీసుకుంటారు అవ్వా" అన్నాడు నవ్వుతూ.

ఈ కాలంలో హంద్రీ ఇసుకలో చెలమలు లేవు, అసలు ఇసుకే లేదు. గోతంగుడ్డ సంచులు లేవు, బానెట్ ఎత్తి పుట్టినరోజు చెప్పేవాళ్లు లేరు, ఇంజిన్‌కు పసుపు పూసేవాళ్లు ఉన్నా అది మాడేదాకా నడిపే గట్లు లేవు. పోతే పోనీ, వాటి మీద నాకు కోపం లేదు. మా అమ్మ ఒక్క నంబరు కోసం పడిన పాట్లు మాత్రం నిజం. ఆ నంబరు కూడా పోయింది. నా ముఖం ఎలా ఉందో ఏమో, ఆ కుర్రవాడు కంగారుపడి, "కూర్చోండవ్వా, ఎండకు వచ్చినారు, చల్లటి నీళ్లు తాగండి" అని సీసా మూత తీసి చేతికివ్వబోయాడు. గొంతు ఎండిపోయి ఉంది. అయినా ఆ నీళ్లు ముట్టుకోకుండా, మా మామ లాగే, ఎండలోకి నడిచి వచ్చేశాను.